స్వరాజ్యమక్క పెడలు

మా స్వరాజ్యమక్కతోని బయటికి పోతే పొద్దుగూకేదాక ఇంటికి రామని ముందే అనుకోవాలె. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆమెకు కుడికాలు సన్నబడ్డది, నడక మెల్లగనే ఉంటది, గని ఆలస్యం దానితోని కాదు. ఆలస్యమంత ఆమె అడుగుడుతోని. ఏ దుకాణం ముందల నిలబడ్డా ఆమె కాడ ఒక 'ఎందుకు' ఉంటది. పోయినేడు సముద్రం చూద్దామని సూరత్ పక్కన డుమస్ పోయినం. అందరు నీళ్లకాడికి ఉరికితే ఈమె టమాటా భజియాల బండి కాన్నే ఆగింది. టమాటా అంటేనే నీళ్లు గద, మరుగుతున్న నూనెల ఏస్తే ఎందుకు చిట్లుతలేదని ఆ బండాయన్ని అడిగింది. ఆయన గుజరాతీల చెప్పింది ఈమెకు సగమే సమజైంది. మిగిలిన సగం కోసం రెండు ప్లేట్లు తీసుకొని ఒక్కో ముక్కను ఇప్పి ఇప్పి చూసుకుంట తిన్నది. మేము వాపసు వచ్చేసరికి మొఖం కళకళలాడుతున్నది. ముక్కకు ముందల పచ్చడి పూస్తరట, అది నీళ్లను బయటికి రానియ్యదట. నిజమో అబద్ధమో నాకెరుక లేదు. నాకైతే ఆకలైతుండె, మస్తు కోపమొచ్చింది.

నాకు కోపం జల్దీ వస్తది. ఇది ముందే చెప్పుడు మంచిది, ఎందుకంటే ఈ సంగతంత నా కోపంతోనే మొదలైంది.

నా పేరు పద్మారాణి. స్వరాజ్యమక్క నాకు తోటికోడలు. మా ఆయన రాఘవకు పెద్దన్న ధర్మరాజు, ఆయన భార్య. సిరిసిల్లల పుట్టి, ముప్పై ఏండ్ల కింద పెండ్లి చేసుకొని సూరత్ వచ్చింది. మా బావ సాంచల కార్ఖానల ఫిట్టరు. సాంచలంటే బట్ట నేసే మిషిన్లు, మాకు ఆ పేరే నోటికి వస్తది. సూరత్ల గోడాదర బస్తీల మాది కిందింటి వాటా, రెండు అర్రలు. ముందలి అర్రల అక్క, ఎనకర్రల మేము. ఆరేండ్ల కింద బావ గుండె ఆగి పోయిండు. పిల్లలు లేరు. అప్పటిసంది అక్క ఉన్నదీ, తిన్నదీ, నలుగురిల తలెత్తుకొని తిరిగిందీ ఒక్క కుట్టుమిషిని మీదనే.

టెంపోలల్ల చీరెల మూటలొస్తయి. వాటికి అంచు పట్టీ కుట్టాలె, కొన్నిటికి గమ్ముతోని తళుకు రాళ్లు అతికియ్యాలె. ఈ రెండు పనుల్ల అక్కను మించినోళ్లు మా గల్లీల లేరు. కాని ఆమె కాలు సంగతి చెప్పిన గద. తొక్కుడు మిషిని రెండు కాళ్లతోని తొక్కాలె. ఈమెకు పనిచేసేది ఎడమకాలొక్కటే. కొత్తగ పెండ్లైనప్పుడు మా బావ కామ్‌రేజ్ దిక్కు ఒక పాతసామాన్ల కొట్టుల ఆ మిషిని స్టాండు పట్టుకొచ్చి, ఆదివారాలన్నీ దాని మీద కూసున్నడట. పెడలుకు తూట్లు పెట్టి సాంచది పాత తోలుపట్టా బిగిచ్చిండు, పాదం దాంట్ల దూరితే కిందికి తొక్కుడే కాదు, పైకి లేపుడు గూడ అదే కాలుతోని అయితది. ఎనక మడిమె ఆనేటందుకు రేకు వంచి పెట్టిండు. పెడలుకు చివర చెవిలెక్క ఒక ముక్క ఉంటది, చక్రం తిప్పే పొడుగు రాడు దానికే తగులుకుంటది. ఆ చెవికి ఉన్న తూటు ఈమె కాలుకు దూరమైతున్నదని పక్కన ఇంకో తూటు పెట్టిండు. గట్ల లోకంల ఒక్క మనిషికే పనికొచ్చే పెడలు తయారైంది.

ఇగ ఆ దినం సంగతి. పొద్దుగాల మా ఆయన చాయ తాగుకుంట ఒక మాటన్నడు. వదినను చూసి నేర్చుకో, ఎన్నడన్న గొంతు లేపుతదా అని. అని కప్పు ఆడ పెట్టి పనికి పోయిండు. కప్పు గూడ నేనే తియ్యాలె. అక్క కిరాణం దుకాణానికి పోయింది. నేను ముందలర్ర కడుగుదామని నీళ్లు పోసిన, మిషిని అడ్డం. జరుపుదామని ఒంగితే దాని ఇనుప కాలుకు నా బొటనేలు తాకింది. పానం జివ్వుమన్నది. ఆయన మీది కోపం, ఏలు నొప్పి రెండు కలిసినయి. రెండు చేతులు పెట్టి దాన్ని తోసిన. గడప దాటి, మెట్ల మీదికెళ్లి కింద బండ మీద పడ్డది.

పైన మిషిని బల్లల ముడుచుకొని ఉండె, దానికి ఏం కాలే. పెడలు చెవి మాత్రం ఇరిగి నా కాళ్ల కాడికి దొర్లింది. అక్క వచ్చేసరికి నేను ఆ ముక్క పట్టుకొని నిలబడ్డ. కడగనీకి జరుపుతుంటే చేయి జారిందక్కా అన్న. జారలే. తోసిన. ఈ ముచ్చట ఇయ్యాల్టికి గూడ మా ఆయనకు ఎరుక లేదు.

అక్క ఏడుస్తదనుకున్న, లేకుంటే తిడ్తదనుకున్న. ముందుగాల నా బొటనేలు చూసింది, రక్తం వస్తుంటే గుడ్డపేలిక కట్టింది. ఆ తర్వాత బండ మీదనే కూసొని ముక్కను చేతులకు తీసుకున్నది. రాళ్లు అతికిచ్చేటప్పుడు వాడే భూతద్దం తెచ్చి, ఇరిగిన మొఖాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. ఫోను తీసి ఫోటో గొట్టింది, రెండు వేళ్లతోని పెద్దగ చేసి మళ్ల చూసింది. ఏం చూస్తున్నదో నాకు చెప్పలే. ఎట్ల పడ్డదని అడుగుతదేమోనని నేను చీపురు పట్టుకొని దూరం పోయిన. అడగలే.

సాయంత్రం మా ఆయన వచ్చి, మోటారు పెట్టిచ్చుకుందాం వదినా, ఇంక ఎన్ని దినాలు తొక్కుతవ్ అన్నడు. పక్కింట్ల మోటారు మిషిని ఉంటే అక్క పోయి చూసింది. మామూలు మనిషి అయితే సంతోషపడేది. ఈమె ఒక చీరె అంచు సగం కుట్టి లేచి వచ్చింది. తన కాలుకు ఎన్ని తొక్కుడ్లకు ఎంత కుట్టు పడ్తదో ఎరుకట, మూల కాడ ఏ తొక్కుడుకు ఆగాలెనో ఎరుకట, మోటారు ఆ లెక్క ఇనదట. మా ఆయన పాతసామాన్ల కొట్లు నాలుగు తిరిగి వేరే పెడళ్లు తెచ్చిండు. ఒక్కటి గూడ ఆ స్టాండుకు కూసోలే. కూసున్నా వాటికి తూట్లు పెట్టి, ఆమె పాదం కొలత దింపనీకి మా బావ లేడు.

ఇగ అసలు భయం నాకు అప్పుడు పట్టుకున్నది. అక్క తమ్ముడు సిరిసిల్లల ఉంటడు. బావ పోయినప్పటిసంది ఒక్కతివి ఎందుకు, వచ్చెయ్ అని ఫోను మీద ఫోను. నా పెడలు నడిచినన్ని దినాలు నేను ఈడ్నే అని ఈమె జవాబు. ఇప్పుడు పెడలు నడుస్తలేదు. ఒకల చెయ్యికింద కూసొని తినే మనిషి కాదు ఆమె. మా ఆయనతోని నిమ్మలంగనే చెప్పింది, ఇది అతుకుతదేమో చూస్త, అతకకుంటే ఈ నెల దాటినంక తమ్ముని తాన్కి పోత అని. ఆ మాట ఇని నేను పొయ్యికాడికి పోయి ఏడ్చిన. ఆమె పోతే ఇంట్ల లొల్లి ఉండదు, ప్రశ్నలుండవ్, మిషిని చప్పుడుండదు. అదే కావాలె అన్నట్టు తోసిన గద నేను.

మొదలు వెల్డింగు చేపిచ్చినం. గల్లీ మొగదల గేట్లు, గ్రిల్లులు చేసే పరుశురాం ఉంటడు, మంచోడు. ఇది బీడు ఇనుము అక్కా, పోత పోసింది, మామూలు వెల్డింగు రాడుకు నిలవదు అని ముందే చెప్పిండు. అక్క చూద్దాం పెట్టమన్నది. ఆయన నల్లద్దం అడ్డం పెట్టుకొని చేసిండు, మంచిగనే అతికినట్టు కనబడ్డది. సల్లారేటప్పుడు టిక్కుమని చప్పుడైంది. అతుకు పక్కపొంటి ఎంటిక లెక్క గీత. అంతే, చేతితోని వంచితే ఊడొచ్చింది. ఎందుకు పగిలింది అని ఈమె పట్టుకున్నది. ఒక్కకాడనే అంత ఏడి పెడ్తే, సల్లారుకుంట గుంజుకుంటదట, బీడు సాగదట, పగులుతదట. పరుశురాంకు ఆ పూట వేరే పని కాలే. నా ముందల మాత్రం ఆమె ఉషారుగ ఇంటికొచ్చింది, కొత్త సంగతి తెలిసింది గద మరి.

పాత వెల్డింగు ఆకురాయితోని గీకేసరికి ఒక బియ్యపు గింజంత ఇనుము పోయింది. ఇంక గమ్ము. హార్డువేరు దుకాణంల రెండు ట్యూబులు కలిపే గమ్ము దొరుకుతది, ఇనుముకు గట్టిది. అక్క గమ్ము మనిషి, దాని మీద ఆమెకు నమ్మకం. ముక్కల్ని సాఫు చేసి, పేపర్ మీద పెట్టి చేతులు కడుక్కోను పోయింది.

ఇగో, ఈడ నేను చేసిన పని చెప్పాలె. మేము పద్మశాలోళ్లం. పనిముట్టంటే మాకు దేవునితోని సమానం. మిషినికి శుక్రారం శుక్రారం నూనె, పసుపు, కుంకుమ పెడ్తం. మా కార్ఖానల సాంచకు ఏ సామాను మార్చినా, బిగిచ్చే ముందల నూనెల పసుపు కలిపి దానికి ఒక బొట్టు పెట్టాలె, అది కాకుంట మా బావ పానా పట్టకపోయేది. నాకు నా పాపం ఎరుక. అక్క అటు పోంగనే నూనెల పసుపు కలిపి, ఇరిగిన రెండు మొఖాలకు రాసిన. తల్లీ, నేనే ఇరగ్గొట్టిన, నువ్వే అతికియ్యి అని మొక్కిన. కనబడకుంట కొంగుతోని తుడిచిన. అక్క వచ్చి గమ్ము పెట్టింది, సైకిలు ట్యూబు పట్టీతోని గట్టిగ కట్టింది.

మరునాడు ఇప్పి, స్టాండుకు బిగిచ్చి, కాలు పెట్టి తొక్కింది. నాలుగు తొక్కుడ్లకు ఊడింది. గీకి, తుడిచి, మళ్ల కలిపింది. ఆమె కలిపే ముందల, ఈసారి ఇంక గట్టిగ మొక్కాలె అని నేను చాటుగ పసుపు ఇంకింత ఎక్కువ రాసిన. రెండు దినాలు ఆగి చూస్తే పదకొండు తొక్కుడ్లు నడిచి, పన్నెండోదానికి చెవి కింద పడ్డది. గీకినప్పుడల్ల ఇనుము తరుగుతున్నది, ఇంకోసారి తప్పితే కలుపుకోను ఏం మిగలదని అక్కనే అన్నది. ఆ పూట ఆమె అన్నం సగమే తిన్నది. తమ్మునికి ఫోను చేసి రైలు ఎప్పుడెప్పుడు ఉన్నదో అడిగింది. నేను చేయి కడుక్కొని లేచిన.

పొద్దుగాల లేచేసరికి అక్క కిటికీ కాడ కూసొని ఉన్నది. చేతుల ఊడిన గమ్ము పెళ్ల, కంటికి భూతద్దం. ఆ పెళ్ల ఒక మొఖం అద్దం లెక్క నున్నగున్నది. గమ్ము ఇనుమును పట్టుకొని ఉంటే ఊడేటప్పుడు జర ఇనుపరజను పట్టుకొని రావాలె, గరుకుగుండాలె గద, ఇదెందుకు నున్నగున్నది అని తనల తను అనుకుంటున్నది. మళ్ల నన్ను పిలిచి, మన చీరెల మీద రాళ్లు ఎక్కడ రాల్తయి పద్మా అని అడిగింది. సాంచ నూనె మరక పడ్డకాడ అన్న, ఈ పనిల ఉన్న చిన్నపిల్లలకు గూడ ఎరుక అది. చెప్పినంక గని నాకు సమజైంది, నేను రాసింది గూడ నూనెనే అని. ఆమె ఒక తెల్ల చీరె ముక్క తీసి పెళ్లను దాని మీద రుద్దింది. గుడ్డకు పచ్చటి మరక అంటింది. ముక్కు కాడ పెట్టుకొని వాసన చూసింది.

"గిది పసుపేనా పద్మా?"

అబద్ధమాడుదామని నోరు తెరిచిన, రాలే. రెండుసార్లు నేనే రాసిన అని చెప్పిన.

"ఎందుకు రాసినవ్?"

"నా చేతుల ఇరిగింది గద అక్కా. నాకు బుగులైంది. నువ్వు పోతవని."

ఇగ తిట్లు మొదలైతయి అనుకున్న. ఆమె కడుపు పట్టుకొని నవ్వింది. కండ్లల్ల నీళ్లు వచ్చేదాక నవ్వి, పసుపు కలిపితే గమ్ము ఏమైతదో ఎవ్వలు చేసి చూసుండరు, మనం చూసినం అన్నది. నాకు తిక్కరేగింది. నేను చచ్చిపోతుంటే నీకు నవ్వెట్ల వస్తున్నదని ఒర్లిన. ఆమె నవ్వు ఆపి ముక్కను నా చేతుల పెట్టింది. నువ్వు రాసింది ఒక చుక్క, ముప్పై ఏండ్లు మేము దీనికి పోసింది ఎంతో చూడు అన్నది. బీడుల సన్నసన్న రంధ్రాలు ఉంటయట, వెల్డింగు నాడు పరుశురాం చెప్పిండట. వారం వారం పోసిన నూనె లోపలికి దిగి ఉన్నది. పైన ఎంత తుడిచినా లోపలికెళ్లి ఊరి వస్తది. నా పసుపు లేకున్నా ఇది ఊడేదే, నాలుగు దినాలు ఎనక ముందల.

మరి ఎట్ల అంటే, కాల్చాలె అన్నది.

మూకుడుల ఇసుక పోసి, రెండు ముక్కల్ని ఇసుకల పెట్టి, గ్యాసు పొయ్యి చిన్నగ పెట్టినం. జల్దీ కాలిస్తే మళ్ల పగులుతది గద. మధ్యాహ్నంపూట, తలుపులన్ని తీసిపెట్టి ఇద్దరం పొయ్యికాడ కూసున్నం. చానాసేపు ఏం కాలే. ఆ తర్వాత ఇనుము చెమట పట్టినట్టు నల్లగ ఊరింది, మెల్లగ పొగ లేసింది. ఆ వాసన నాకు ఒక్కసారే ఎరుకైంది. కార్ఖాన నూనె. బావ డ్యూటీ దిగి వచ్చి గడపల చెప్పులిడిస్తే ఇల్లంత అదే వాసన ఉండేది. సీసాల ఇంత పట్టుకొచ్చి శుక్రారం ఆయనే మిషినికి పోసేటోడు.

నేను కిటికీ దిక్కు పొగను విసరబోయిన. అక్క నా చేయి పట్టుకొని ఆపింది.

"ఉండనీ. ఆయన పోసింది గూడ ఉన్నది గిండ్ల."

పొగ ఆగేదాక ఆమె కదలలే. కండ్లు తుడుచుకోలే, తుడుచుకుంటే నాకు కనబడ్తదని. పొగ మొత్తం ఆగినంక, ఇప్పుడు సాఫైంది అని పొయ్యి బందు చేసింది. ఇసుకలనే సల్లారనిచ్చింది.

ఆ తర్వాత పని గబగబ అయింది. ఇరిగిన మొఖాల్ని ఆకురాయితోని గరుకు చేసి, థిన్నరుతోని తుడిచింది. ఏలు తగలనియ్యలే, నన్నైతే చాపకు ఆ కొసన కూసోబెట్టింది. ఒక్క గమ్ము మీద భారమెయ్యద్దని, చెవికి రెండు దిక్కుల రెండు ఇనుప పట్టీలు పెట్టి, పరుశురాంతోని తూట్లు పెట్టిచ్చి, నట్లు బిగిచ్చింది. పట్టీల కింద గూడ గమ్ము. మూడు దినాలు ముట్టద్దన్నది. నేను ముట్టలే. శుక్రారం వచ్చింది, పసుపు గిన్నె చేతులకు తీసుకొని మళ్ల గూట్ల పెట్టిన. ఆ వారం మా మిషినికి బొట్టు లేదు.

నాలుగో నాడు అక్క తోలుపట్టాల పాదం దూర్చింది. నేను లెక్కపెట్టిన. నాలుగు. పదకొండు. పన్నెండు. పదమూడు. వంద దాటినంక లెక్క ఇడిచిపెట్టిన. ఆమె ఒక చీరె అంచు మొత్తం కుట్టి, మూల కాడ సరిగ్గ ఆగింది. తమ్మునికి ఫోను చేసి, నేను రాను, పెడలు నడుస్తున్నది అని చెప్పి పెట్టేసింది.

నాకు అప్పుడు నిలవలే. ఆమె ముందల నేల మీద కూసొని చెప్పేసిన. చేయి జారలే అక్కా, కోపంతోని నేనే తోసిన అని.

"ఎరుక," అన్నది ఆమె, దారం కొరుక్కుంట. "జారితే ఆడ్నే పడ్తది. రెండు మెట్లు దాటి పోదు."

"మరి అన్నిటికి ఎందుకు, ఎందుకు అంటవ్. గదొక్కటి అడగలేదేంది?"

"అడిగితే నువ్వు చెప్పాల్సొస్తది గద."

ఫోను తీసి, మొదటి దినం గొట్టిన ఫోటో నా ముందల పెట్టింది. రెండు వేళ్లతోని పెద్దగ చేసింది. ఇరిగిన ఇనుము మొఖం. బావ పెట్టిన రెండో తూటు పక్కకెళ్లి మొదలుపెట్టి, శానమట్టుకు నల్లగ, నూనె పట్టి ఉన్నది. చివరకు ఒక కొసన మాత్రం తెల్లగ మెరుస్తున్నది. నల్లదంత పాత పగులట. ఎన్నో ఏండ్ల సంది లోపల పగిలి, నూనె తాగుకుంట, గట్లనే నడిచిందట. ఆ తెల్లది ఆ దినం కొత్తగ ఇరిగింది.

"నీ వంతు గింతే," అని ఏలు పెట్టి చూపిచ్చింది. నువ్వు తొయ్యకున్నా ఒకనాటికి ఇరుగునట.

నేను ఆ ఫోటో నా ఫోనుకు పంపిచ్చుకున్న. అప్పుడప్పుడు తీసి చూస్త. ఆ తెల్లది గోరంత ఉంటది, అది మాత్రం నాదే.